బొడ్డు ఊడిన అంతస్తు

పొద్దున ఆరింటికి సొసైటీ గేటు దగ్గర పాల పేకెట్లు తీసుకుని, లిఫ్టులో తొమ్మిదో అంతస్తు దాకా పోయి, అక్కణ్ణుంచి నాలుగు అంతస్తులు మెట్లెక్కి ఇంటికి చేరడం జయకుమారికి రోజూ ఉన్న పనే. అరవై మూడేళ్ళ మనిషి. ఆ ఎక్కడం మాత్రం చూసి తీరాలి. ఒక చేతిలో పాలు, ఇంకో చేతిలో కూరల సంచి, నోట్లో కీర్తన. ఎవరైనా కాలేజీ కుర్రాడు మలుపులో ఆయాసపడుతూ కనిపిస్తే సంచి కింద పెట్టి, వాడి నాడి చూసి, "నీళ్ళు తాగు నాన్నా" అని చెప్పి, కీర్తన ఏ మాట దగ్గర వదిలిందో ఆ మాట దగ్గరే అందుకునేది. జయకుమారి ఎక్కుతుంటే మెట్లకే ఆయాసం వస్తుందని ఢిల్లీ ద్వారకలో ఆ సెక్టారంతా చెప్పుకునేవాళ్ళు.

లిఫ్టు తొమ్మిదితో ఆగిపోవడంలో దాని తప్పేమీ లేదు. పాపం, నాలుగంతస్తుల మేడకని పెట్టిన లిఫ్టు అది. తొంభై ఆరులో అందరూ తాళాలు పుచ్చుకున్ననాడు మేడ నాలుగంతస్తులే, అంతస్తుకొక ఇల్లు. ఆ తర్వాత పిల్లలు పుట్టారు, మేడ పెరిగింది. ఆ మేడలో ఏ పసిబిడ్డకైనా బొడ్డు ఊడితే, మర్నాడు తెల్లారేసరికి నేలలోంచి కొత్త అంతస్తు ఒకటి లేచేది. పాతవన్నీ ఒక్కో అంతస్తు పైకి జరిగేవి. ఎవరైనా పోయి ఇల్లు ఖాళీ అయితే ఆ అంతస్తు చడీ చప్పుడూ లేకుండా ముడుచుకుపోయేది. తపాలా ఆయన ఇంటి నంబర్లు పెన్సిలుతో రాసుకునేవాడు. లిఫ్టు వాళ్ళు రెండుసార్లు తాడు పొడిగించి, తొమ్మిది దగ్గర చేతులెత్తేశారు. ఇందులో ఎవరికీ వింత ఏమీ తోచలేదు. పిల్లలు పుడితే ఇల్లు పెరగదా?

అసలు ఆ మేడ పెరగాల్సినంత పెరగలేదు. కోడళ్ళు పురిటికి పుట్టింటికి పోయేవాళ్ళు, బొడ్డు అక్కడే ఊడేది. లేకపోతే కుతుబ్ మినారు ఈపాటికి ఈ మేడ నీడలో ముడుచుకుని కూర్చుని ఉండేది. పెరిగిన ఆ కాస్తకూ కారణం జయకుమారే. బాపట్ల నుంచి ఇరవై రెండేళ్ళప్పుడు రైలెక్కి వచ్చి, ముప్ఫై ఆరేళ్ళు ఒక పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో చేసిన సిస్టరు. ఆ చేతులు తీసిన బిడ్డలు నలభై వేలని ఆవిడ అనదు, జనమే అనేవాళ్ళు. ఆవిడ కాదనేది కాదు. అడ్డం తిరిగిన బిడ్డను బయట నుంచే గదమాయించి సరిగ్గా తిరిగేలా చేసిందని చెప్పుకునేవాళ్ళు. దేశం జనాభా నూరు కోట్లు దాటిననాడు ఢిల్లీలో ప్రతి నర్సూ ఆ నూరో కోటి బిడ్డ తన చేతిలోనే పడిందన్నది. జయకుమారి మాత్రం, "ముందువాళ్ళు లేకుండా ఆ బిడ్డొక్కతే నూరు కోట్లవుతుందా? ఆ ముందువాళ్ళు నావాళ్ళు" అన్నది. అలాంటి మనిషి మేడలోనే ఉండగా పురిటికి ఊరెళ్ళడం ఎందుకని కొందరు ఆగిపోయారు. పదకొండేళ్ళలో పద్నాలుగు బొడ్లు ఊడాయి, రెండిళ్ళు ముడుచుకున్నాయి. నేల మీద ఇల్లు కొనుక్కున్న జయకుమారి మొగుడు సిలాసు, కాలు కదపకుండా పదమూడో అంతస్తుకి చేరాడు.

నేల మీద ఇల్లు కావాలని పట్టుబట్టింది సిలాసే. ప్రభుత్వ తోటల్లో మాలీగా ముప్ఫై ఏళ్ళు చేశాడు. ఆయన పెంచిన ఒక గులాబీని, తోటలో ఫొటోకి వచ్చిన పెళ్ళికొడుకు తన తలపాగా అనుకుని నెత్తిన పెట్టుకోబోయాడంటే, పువ్వు ఏపాటిదో ఊహించుకోవచ్చు. రిటైరయ్యాక ఇంటి ముందు జానెడు నేల మీద గోంగూర, బెండ, రెండు బంతి మొక్కలు వేసుకుందామనుకున్నాడు. వేశాడు కూడా. ఏడాది తిరక్కుండానే ఆ నేల ఎవరిదో అయింది. కింద ఉన్నవాళ్ళని ఇల్లు మార్చుకోమని అడిగితే ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఎన్నాళ్ళు? ఇవాళ్టి కింది ఇల్లు రేపటికి పై ఇల్లే. మోకాళ్ళు అరిగిపోయాక తొమ్మిదో అంతస్తు దాకా మెట్లు దిగడం కూడా మానేశాడు. నేల తొక్కి మూడేళ్ళయింది. నెలకొకసారి పాస్టరు గారే చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. వచ్చిన పావుగంట దాకా ఆయనకి ప్రార్థనకి ఊపిరి ఉండేది కాదు. ఢిల్లీ అవతల వైశాలిలో ఉన్న కూతురు పెర్సిస్, "రెండో అంతస్తే నాన్నా, వచ్చెయ్యి" అనేది. రెండు గదుల్లో అప్పటికే ఐదుగురు.

పోనీ బాల్కనీలో కుండీలు పెట్టుకుందామంటే అదీ లేదు. ఎదుటి ప్లాట్లో ఒక బిల్డరు, ఒక్క బిడ్డా పుట్టకుండానే పదమూడు అంతస్తులూ ఒకేసారి లేపాడు. దాని గోడ సిలాసు బాల్కనీకి మూడు మూరల దూరంలో ఆగింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎండ లేదు. కుండీల్లో మొక్కలు తెల్లబడి పోయాయి. సిలాసు కుర్చీ వేసుకుని ఆ గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అంత ఓపిగ్గా చూసిన చూపుకి, పాదు కట్టి ఉంటే ఆ గోడ కూడా చిగురు వేసేది.

సాయంత్రాలు పద్మనాభం గారు వచ్చేవారు. జనాభా లెక్కల ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, ఇల్లు పదిహేనో అంతస్తు. సగం దారిలో వీళ్ళ సోఫా మీద ఆగి, మంచినీళ్ళు తాగి, పేపరు తీసేవారు.

"చూశారా సిలాసు గారూ, జపాను తగ్గడం మొదలుపెట్టిందండి. రష్యాలో పిల్లల్లేక బళ్ళు మూస్తున్నారు. ఇటలీలో ఏదో ఊళ్ళో కన్నవాళ్ళకి బహుమతులట."

"ఎక్కడో ఎందుకండీ, మన మేడ చూడండి" అన్నాడు సిలాసు. "రెండేళ్ళయింది ఒక్క బొడ్డు ఊడి."

"అదే నేననేది! లోకం ఇంకా పెరుగుతానే ఉంది. కానీ పరుగు తగ్గింది, దమ్ము అయిపోయిన వాడిలాగా. ఇట్టా నేను మెట్లెక్కినట్టు."

"మరి మనుషులు తగ్గుతుంటే మేడలెందుకు పెరుగుతున్నాయండీ?"

పద్మనాభం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. దేశాన్ని మూడుసార్లు లెక్కపెట్టిన మనిషి. నడిచే రైల్లో జనాన్ని ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్కేసి, అందరూ మర్చిపోయే డ్రైవరుని కూడా కలుపుకున్నారంటారు. అలాంటి మనిషి కూడా ఈ ప్రశ్నకి వేళ్ళు మడిచి లెక్కేసుకున్నారు.

"ఇదివరకు ఒక గదిలో ఎనిమిది మంది పడుకునేవాళ్ళమండీ. ఇప్పుడు ఒక్కడికి ఎనిమిది గదులు కావాలి. గదులు పెరుగుతున్నాయి. పడుకునేవాళ్ళే లేరు."

వంటింట్లోంచి ఈ మాటలు వింటూ జయకుమారి మనసులో ఒక పాడు ఊరట పొందేది. ఇంకో బిడ్డ లేకపోతే ఇంకో అంతస్తు లేదు. పిల్లలంటే ప్రాణం పెట్టిన మనిషి, సాయంత్రం కింద ఎవరైనా కోడలు నడుం మీద చెయ్యి వేసుకుని నడిస్తే మనసులో అంతస్తులు లెక్కపెట్టుకునేది. ఆరేళ్ళ కిందట మూడో అంతస్తులో ఒంటరిగా ఉన్న సుందరరామయ్య గారు పోయినప్పుడు, మేడ ఒక అంతస్తు దిగింది. ఆ రోజు సిలాసు అన్నం ముట్టలేదు. "ఒక మనిషి చావు నాకు మెట్టయిందే" అన్నాడు. ఆ మాట ఆవిడకి గుర్తుంది. గుర్తున్నా ఊరట ఊరటే.

సెప్టెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం భవ్యశ్రీ వచ్చింది. అన్నిటికన్నా కింద, నేల మీది ఇంట్లో అద్దెకుండే హైదరాబాదు పిల్ల, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొగుడు కిరీటి నెలలో ఇరవై రోజులు పూణేలో ఉంటాడు. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతున్న తీరు చూడగానే జయకుమారికి అర్థమైంది. ఆ చెవులు అలాంటివి. మెట్లెక్కిన ఆయాసం వేరు, ఇద్దరి కోసం పీల్చే ఊపిరి వేరు.

"ఎన్నో నెల?"

"ఎనిమిది వారాలు ఆంటీ." పిల్ల సోఫాలో కూలబడింది. "వచ్చే నెల టీం లీడ్ ఇస్తమంటున్నరు. కిరీటినేమో 'నీ ఇష్టం' అన్నడు. ఏం జెయ్యాలో తెలుస్తలేదు. మీరే చెప్పాలె."

జయకుమారి బాల్కనీ వైపు చూసింది. కుర్చీలో సిలాసు వీపు కనిపిస్తోంది, ఆ వీపుకి ఎదురుగా గోడ. ఎన్ని వేల మందికి ధైర్యం చెప్పిందో ఆ నోరు. అదే నోరు అన్నది: "ఇరవై తొమ్మిదే గదమ్మా నీకు. ఇప్పుడే ఏం తొందర? ముందు ఉద్యోగం చూసుకో. పిల్లలదేముంది."

భవ్యశ్రీ కాసేపు గాజులు తిప్పుకుంటూ కూర్చుంది. "ఠీక్ హై ఆంటీ" అని లేచింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గుతూ పోయింది.

"జయా" అన్నాడు సిలాసు, వెనక్కి తిరక్కుండానే. "ఆ మాట ఇప్పటిదాకా ఎంతమందికి చెప్పావే?"

"వద్దనుకుని వచ్చినవాళ్ళకి చెప్పా. ఎవరి ఇష్టం వాళ్ళది."

"ఆ పిల్ల వద్దనుకుని వచ్చిందా?"

జయకుమారి సోఫా మీద దిండు సర్దింది.

"వద్దనుకున్నది డాక్టరు దగ్గరికి పోద్ది. ఇక్కడికి నాలుగంతస్తులు ఎక్కి ఎందుకొచ్చిద్ది?"

"మీకేం తెలుసండీ! పొద్దస్తమానం ఆ గోడకేసి చూస్తా కూచుంటారు. చూళ్ళేక చస్తన్నా. నేను పోసిన నీళ్ళకే మునిగిపోయిన మొక్కలాగా ఉన్నారు మీరు. పద్నాలుక్కి పోతే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను, కూచుంటాను." సిలాసు ఇప్పుడు తిరిగాడు. "నా మోకాళ్ళ కోసం ఒక బిడ్డ ఆగిపోయిందంటే, పాస్టరు గారు తెచ్చే రొట్టె ఇక నాకు గొంతు దిగదే."

జయకుమారి కొంగు దోపుకుని గుమ్మం దాటింది. తొమ్మిది దగ్గర లిఫ్టు కోసం ఆగలేదు. ఆ దిగడం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కో అంతస్తు ఒక్కో అంగలో దిగిందంటారు. ఆరో అంతస్తు వాళ్ళు గాలివాన అనుకుని కిటికీలు మూసుకున్నారు. కింద తలుపు తెరిచిన భవ్యశ్రీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేనిందాక చెప్పింది నర్సు మాట కాదమ్మా. సిలాసు పెళ్ళాం మాట. దాన్ని తీసి అవతల పడేసెయ్. మిగిలిందేదో నువ్వే చూసుకో. ఉంచుకున్నా నేనే తోడుంటా, వద్దనుకున్నా నేనే తోడుంటా."

"నాకు తెల్సు ఆంటీ."

"ఏం తెలుసు?"

"అంకుల్ కోసమే అన్నరని." పిల్ల ముక్కు తుడుచుకుంది. "పైకొస్తుంటే నేను గూడ అంకుల్ గురించే అనుకుంట ఎక్కిన. అసల్కి నేను అడగనీకి రాలే ఆంటీ. చెప్పనీకి వచ్చిన. మా టీంల ఒక దోస్తుకి చెప్తే 'ఓహ్' అన్నది. మా అమ్మ ఉంటే వాకిట్ల నిలబడి ఖుషీతోని ఒక్కటే అరుస్తుండె. నాకు కావాలె ఆంటీ. ఎవరన్న ఒక్కలు సంబరపడ్తే చూద్దామని వచ్చిన, గంతే."

జయకుమారి ఆ పిల్ల రెండు చెంపలూ పట్టుకుని ఒక్క కేక వేసింది. ఆ కేకకి పదహారో అంతస్తులో ఆరేసిన బట్టలు జారిపడ్డాయి. పాలం విమానాశ్రయంలో దిగబోతున్న విమానం ఒకటి, ఏమైందో తెలియక, ఇంకో చుట్టు తిరిగి దిగింది.

ఏప్రిల్ చివర్లో ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల ఇరవై. కాన్పు చేసింది కుర్ర డాక్టరమ్మే అయినా, పక్కన నిలబడ్డ జయకుమారి కనుబొమల వంక చూస్తూ చేసింది. ఇంటికి పంపే రోజు కిరీటి ఆసుపత్రి వరండాలో ఆవిణ్ణి పక్కకి పిలిచాడు.

"ఆంటీ, మేమొకటి అనుకున్నాం. వైశాలిలో పెర్సిస్ అక్కతో మాట్లాడాను. బొడ్డు ఊడే దాకా వాళ్ళింట్లో ఉంటాం. వారం, పది రోజులే కదా. తర్వాత ఇంటికొస్తే మేడ కదలదు. అంకుల్‌కి ఇబ్బంది ఉండదు."

ఇందులో ఎవరికీ అన్యాయం లేదు. బిడ్డ పుట్టింది, క్షేమంగా ఉంది. పది రోజులు పక్కూళ్ళో ఉంటే చాలు. జయకుమారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా ఒకసారి మొగుణ్ణి అడక్కుండా సరే అనలేకపోయింది. ఫోను కలిపి కిరీటి చేతికే ఇచ్చింది.

అటువైపు సిలాసు అంతా విన్నాడు.

"ఏమయ్యా కిరీటీ, నువ్వు మంచోడివి. కానీ రేపు ఆ పిల్ల పెద్దదై నా బొడ్డు ఎక్కడ ఊడింది నాన్నా అని అడిగిద్ది. ఏం చెప్తావు? మేడ మీద ముసలాయన మోకాళ్ళకి భయపడి వేరేవాళ్ళింట్లో ఊడగొట్టుకొచ్చామని చెప్తావా?"

"అది కాదంకుల్..."

"విను. విత్తనం మొలిచిన చోటు విత్తనానికి తెలవాలి. ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పని అదే. పన్నెండంతస్తులు ఎక్కించార్రా నన్ను, కూచున్న కుర్చీలోంచి లేవకుండా! ఇంకోటి నాకు లెక్కా? బిడ్డని ఇంటికి తీసుకురా."

ఎనిమిదో రోజు సాయంత్రం నీళ్ళు పోస్తుంటే బొడ్డు ఊడింది. జయకుమారి దాన్ని గుడ్డలో చుట్టి భవ్యశ్రీకిచ్చి, పాపకి పౌడరద్ది, ఇంటికొచ్చింది. సిలాసు నిద్రపోతున్నాడు. ఆవిడ ఆయన మోకాళ్ళకి నూనె రాసి, దుప్పటి కప్పింది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది. ఏమని అడుగుతుంది? ఇచ్చిన బిడ్డని వెనక్కి తీసుకోమనా?

తెల్లవారుజామున మేడ లేచింది. ఎప్పటిలాగే, పులిసిన పిండి గిన్నె మూతని నెట్టినట్టు మెత్తగా. గూట్లో గ్లాసులు చిన్నగా టింగుమన్నాయి. పై అంతస్తుల్లో ఎవరో పక్కకి ఒత్తిగిల్లారు. అంతే.

జయకుమారికి మెలకువ వచ్చేసరికి కళ్ళలో ఏదో గుచ్చుకుంటోంది. చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎండ. మంచం మీద, గోడ మీద, ప్రభువు పటం మీద ఎండ. పక్కన సిలాసు లేడు. బాల్కనీలో కుర్చీ ఖాళీగా ఉంది.

ఆవిడ పరుగెత్తింది. బాల్కనీ గ్రిల్లు తలుపు బార్లా తెరిచి ఉంది. మూడేళ్ళు కళ్ళెదుట నిలిచిన గోడ లేదు, కిందికి వెళ్ళిపోయింది. దాని స్థానంలో, సరిగ్గా వీళ్ళ గచ్చుకి సమానంగా, ఎదుటి మేడ డాబా పరుచుకుని ఉంది. డాబా నిండా మట్టి. మోకాలెత్తు మట్టి, మళ్ళు కట్టి, పాలకూర, మెంతి, ముల్లంగి, ఒక మూల ఎండిపోతున్న గులాబీలు. బాల్కనీకీ డాబాకీ మధ్య తలుపు చెక్క ఒకటి వేసి ఉంది, దాన్ని ఇటు ఒక సర్దార్జీ, అటు ఒక సర్దార్జీ కాళ్ళతో అదిమిపట్టి నిలబడ్డారు. ఇద్దరికీ కలిపి నూట అరవై ఏళ్ళు. ఒక పెద్దావిడ నీళ్ళ పైపు పట్టుకుని ఉంది.

మట్టిలో, చెప్పుల్లేకుండా, లుంగీ ఎగ్గట్టి, సిలాసు.

"ఏవండీ!"

"అరవకే, వీళ్ళు భయపడతారు" అన్నాడాయన. వంగని మోకాళ్ళు వంచి, పిడికెడు మట్టి తీసి వాసన చూసి, ముఖం చిట్లించాడు. "సర్దార్జీ, యే క్యా కియా ఆప్ నే? ఇత్నీ ఖాద్? గులాబ్ కో మార్ డాలోగే!" ఇంత ఎరువేస్తే గులాబీ చస్తుందని ఆయన బాధ.

పైపు పట్టుకున్న పెద్దావిడ జయకుమారిని చూసి నవ్వింది. ఎప్పటి నుంచో చూస్తున్నామన్నది, మీ మేడ ఇంకొక్క అంతస్తు పెరిగితే బావుండునని. యాభై రెండు ఇళ్ళు ఉన్నాయట ఈ మేడలో, ఉన్నది పదకొండు మంది. కొన్నవాళ్ళు తాళాలేసి పోయారు. అందరిలోకీ చిన్నవాడికి అరవై ఎనిమిది. పొద్దుపోక మట్టి మోయించుకున్నారు గానీ, మొక్కల పని ఒక్కరికీ రాదు. "నాలుగైదు రోజుల్నుంచి ఒక ఏడుపు వినిపిస్తోంది బహెన్‌జీ, మీ మేడలోంచి. పాపా, బాబా?"

"పాప" అన్నది జయకుమారి. "ఎనిమిది రోజులు."

"ఒకసారి తీసుకొస్తారా?"

తెస్తానని తలూపింది గానీ, ఆవిడ చూపు మొగుడి మీదే ఉంది. ఇన్నేళ్ళ నర్సు, మంచి జరిగినా పక్కనే ఉన్న గండం వెతికే అలవాటు పోలేదు.

"ఏవండీ, మరి రేపు ఇంకో బిడ్డ పుడితే? మళ్ళీ ఒక అంతస్తు పైకి పోతాం గదా. అప్పుడేం చేస్తారు?"

సిలాసు ముల్లంగి మడిలో కలుపు పీకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నిచ్చెన వేసుకుని దిగుతాను. ఇన్నేళ్ళూ నేను అడిగింది దిగడమేగా."